కొలత అమ్మ తీసింది

లాల్‌దర్వాజా, హైదరాబాదు
5 ఆగస్టు 1973

నువ్వు పంపిన బూట్లు నా రెండు కాళ్ళ చిటికెన వేళ్ళ తోలు ఊడదీశాయి మామా. ఈ మాట ముందు రాస్తున్నాను, క్షేమసమాచారాలు తర్వాత. బాగున్నావా అని మొదలుపెడితే కోపం చల్లారిపోతుంది. చల్లారకముందే రాయాలి.

నేను అడిగింది సైకిల్ పందెం బూట్లు. నువ్వు పంపింది కాకి ముక్కులా మొనదేలి, అద్దంలా మెరుస్తూ, లోపల ఎర్ర మఖ్మల్ అతికించిన బూట్లు. పార్శిల్ విప్పగానే గల్లీ అంతా వచ్చి చూసింది. ఇంటి ఓనరు భార్య నాగమణమ్మ, "ఏంది మాణిక్యమ్మా, నీ కొడుకు కార్ఖానల పెద్దసాబైండా?" అని అడిగింది. అమ్మ బూట్లను కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది. తెల్లవారి నేను వాటిని బయటికి తీసి తొడుక్కుని సైకిలెక్కాను. నయాపూల్ దాటకముందే దిగిపోయాను. బూట్లు హాండిల్‌కు తగిలించుకుని వట్టి కాళ్ళతో ఫ్యాక్టరీకి పోయాను.

మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నాను. నీకు చదివి వినిపించే నీ కూతురు పుష్పమ్మ కూడా నిదానంగా చదవాలి.

నేను ఫ్యాక్టరీలో మూడేళ్ళుగా టెంపరరీ. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. మా స్పోర్ట్స్ క్లబ్‌కు సైకిల్ జట్టు ఉంది. అక్టోబర్ 14 ఆదివారం సెలెక్షన్ పందెం. ముందు వచ్చిన ఇద్దరు డిసెంబర్‌లో జరిగే ఆలిండియా ఫ్యాక్టరీల పోటీకి పోతారు. అలా పోయినవాళ్ళను ఇంతవరకు అందరినీ పర్మనెంట్ చేశారు. క్లబ్ సెక్రటరీ ప్రహ్లాద్ సార్ నా తొక్కుడు చూసి, "నీ కాళ్ళల్ల దమ్ముంది ఇస్సాకు. కానీ చెప్పులతోని క్లబ్ సైకిల్ ఎక్కనియ్య. బూట్లు తెచ్చుకో" అన్నాడు.

నయాపూల్ చుట్టుపక్కల బూట్ల దుకాణం ఒక్కటి కూడా వదల్లేదు. పొడవు సరిపోతే పక్కలు నొక్కుతాయి. వెడల్పు సరిపోవాలంటే రెండు సైజులు పెద్దది ఇస్తారు, అప్పుడు ముందు జానెడు ఖాళీ, మడమ జారిపోతుంది. ఒక దుకాణం సేటు నా కాలు చూసి పక్క దుకాణంవాణ్ణి కేకేసి పిలిచాడు. "ఇధర్ ఆవో భాయ్, దేఖో. యే పావ్ హై కి పరాత్" అన్నాడు. పిండి కలిపే పళ్ళెం అన్నాడు నా పాదాన్ని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈ పాదాలు మా బాపు ఆగయ్యవి. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి మోసి ఆయనకు వెడల్పు అయ్యాయి. నాకు పుట్టుకతోనే వచ్చాయి. తర్వాత నేనూ అక్కడే బస్తాలు మోశాను కాబట్టి ఇంకాస్త పరుచుకున్నాయి.

అప్పుడు అమ్మ అన్నది, "బజారెందుకురా, మా తమ్ముడు బొంబైల బూట్లే కుడ్తడాయె. కొలత నేను తీస్త, నువ్వు సప్పుడు జెయ్యకుండ నిలవడు" అని. గోడకు ఆనించి నిలబెట్టి తనే పెన్సిల్‌తో పాదం చుట్టూ గీసింది. నూలు దారం పాదానికి చుట్టి ముడి వేసింది. నన్ను పెన్సిల్ ముట్టనివ్వలేదు. కొత్త గుడ్డ ముక్కలో చుట్టి పంపింది. అంత శ్రద్ధగా తీసిన కొలత చేతిలో పెట్టుకుని ఇంత ఇరుకు బూటు ఎట్లా కుట్టావు?

నాకు కావలసింది ఇది. ముందు భాగం వెడల్పు. అడుగు చెక్కలా గట్టిగా, వంగకూడదు. కింద ఒక ఇనుప ముక్క, పెడల్ అంచు కూర్చునేలా గాడి ఉన్నది. మొన వద్దు, మెరుపు వద్దు, మఖ్మల్ వద్దు.

పది రోజుల్లో జవాబు రాయి.

ఇస్సాకు

~

ధారావి, బొంబాయి
17 ఆగస్టు 1973

చిరంజీవి అల్లుడు ఇస్సాకుకు మామ ఇశ్రాయేలు, అత్త బుచ్చమ్మ దీవెనలు. దేవుని దయవల్ల అందరం మంచిగున్నం. నేను చెప్తాంటె పుష్ప రాస్తాంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. మస్తు నవ్వుకున్నం. మీ అత్త అన్నది, గిట్ల మొకం మీద కోపం జేసేటోడు కడుపుల ఏం దాసుకోడు, మంచిదే అని.

బిగువు సంగతి చెప్త ఇను. గా బూటు బిగువుగనే ఉంటది అల్లుడా. ఉండాలె. నిలవడేది ఒక్క గంట. గంటసేపు పండ్లు బిగవట్టి నిలవడితె అయిపాయె. నేను గూడ మా మామ కుట్టిచ్చిన బూట్లల్ల గట్లనే నిలవడ్డ. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నా ఎవ్వలకు తెల్వనియ్యలే. ఎదురుంగున్నోళ్ళు సంబురానికి ఏడుస్తున్నడనుకున్నరు. మొన లేకుంటె అందమేది? మా కార్ఖానల ఆ తోలు సినిమావాళ్ళ బూట్లకు తప్ప తియ్యరు. సేటును బతిమాలి తీసుకున్న.

ఇనుప ముక్క అన్నవ్, అది సమజ్ గాలే. మడమకు లాడం గొట్టమంటవా? చర్చిల నడుస్తె టక్కు టక్కుమంటది, పాస్టరుగారు ఏమంటరో చూడాలె.

నీ గది ఎట్లుంటదో రాయి. నల్లా లోపట్నా, బయట్నా? గాలి వస్తదా? ఓనరు మంచోడేనా? కోటు కొలత గూడ పంపమని అక్కకు చెప్పు. అక్క తన చేతితోని కాలు కొలత తీసి పంపినంక నాకింక ఫికర్ లేదు. ఇంతకన్న ఈ ఉత్తరంల చెప్పలేను. రాసేది ఎవ్వలో నీకెర్కనే.

మామ ఇశ్రాయేలు

పైవి బాపు మాటలు. ఇవి నావి. బావా, నీ కొలత కాగితం నేను చూసిన. అది పాదమా, చేటా? బాపు ఫర్మాలు, అదే బూటు కుట్టే కొయ్య పాదాలు, ఒక్కటి గూడ దానికి దగ్గరకు రాదు. ఇంకొకటి. ఇనుప ముక్క మడమకు కాదని నాకనిపిస్తాంది. పెడల్ మీద ఆనేది కాలు ముందటి భాగం కదా. బాపుకు మాటలతోని సమజ్ కాదు, బొమ్మ గీసి పంపు.

పుష్పమ్మ

~

లాల్‌దర్వాజా
28 ఆగస్టు 1973

ఒక్క గంట అని నీకు ఎవరు చెప్పారు మామా? షాద్‌నగర్ దాకా పోయి రావాలి. ఎంత తొక్కినా మూడు గంటలు తక్కువ కాదు. అందులో నిలబడేది ఎక్కడుంది? ఎదురుగా ఉన్నవాళ్ళు ఎవరు? లారీలు. చర్చిలో సైకిల్ ఎవడు తొక్కుతాడు?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు చదువు బళ్ళో రాలేదు, పేపర్లు చదివి నేర్చుకున్నాను, అందుకని నాకే ఏదో అర్థం కావడం లేదేమో అనుకుని ఐదోసారి కూడా చదివాను. బూట్లు అడిగితే నల్లా గురించి అడుగుతావేమిటి? అడిగావు కాబట్టి చెప్తున్నాను. నల్లా బయట. నాగమణమ్మ బిందెలు నిండినాకనే మాకు నీళ్ళు. గాలి రాదు. ఎదురింటి గోడ చెయ్యి చాపితే తగులుతుంది. ఇప్పుడు నా బూట్లు వెడల్పు అవుతాయా?

కోటు సంగతి అంతకన్నా విచిత్రం. పందెంలో బనియన్ బరువే ఎక్కువ అనుకుంటాం. కోటు ఎవడు వేసుకుంటాడు?

అమ్మను అడిగాను, మామ ఇట్లా ఎందుకు రాస్తున్నాడని. బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "మీ మామ పెద్దమనిషి. ఏమడిగితె అది చెప్పు" అన్నది. నవ్వింది కూడా. ఎందుకు నవ్వుతున్నావంటే "నవ్వితె తప్పా?" అన్నది. ఆ సాయంత్రమే దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో నా ఛాతీ కొలిచింది. మీ ఇద్దరికీ ఏమైందో నాకు తెలియదు.

పుష్పమ్మకు మాత్రం బుర్ర ఉంది. బొమ్మ గీసి పంపుతున్నాను. ఇది పెడల్. దీనికి ముందు ఇనుప కొక్కెం ఉంటుంది, పాదం ముందు భాగం అందులో దూర్చి తోలు పట్టీ బిగిస్తారు. ఇదీ బూటు అడుగు. గీతలు కొట్టిన చోట ఇనుప ముక్క రావాలి, బొటనవేలు మొదలు దగ్గర ఉబ్బు ఉంటుందే, సరిగ్గా దాని కింద. బొటనవేలికి వెనక, మడమకు చాలా ముందర. నా పాదం అక్కడే అన్నిటికన్నా వెడల్పు. కాబట్టి బూటు అక్కడే వెడల్పు కావాలి. మొనదేలిన బూటు సరిగ్గా అక్కడే చంపుతుంది.

ఇప్పుడు కాన్వాసు బూట్ల పక్కలు కోసి వాటితో ప్రాక్టీసు చేస్తున్నాను. అడుగు మెత్తగా ఉండడంతో పెడల్ అరికాల్లోకి దిగుతుంది. ప్రహ్లాద్ సార్ ఆ బూట్లతో క్లబ్ సైకిల్ ఇవ్వడు. నా పాత సైకిల్ మీదే తొక్కుతున్నాను.

పాదం చేట అన్నందుకు పుష్పమ్మ మీద కోపం లేదు. బజారులో పరాత్ అన్నారు. చేట నయం.

కొత్త బూట్లు ఎప్పుడు పంపుతావో సెప్టెంబర్ పది లోగా రాయి. తేదీ కావాలి. దీవెనలు చాలు.

ఇస్సాకు

~

ధారావి
9 సెప్టెంబర్ 1973

చిరంజీవి అల్లునికి దీవెనలు. నల్లా బయట అన్నవ్, పర్వాలేదు. ఇక్కడ మాకు నల్లానే వేరే గల్లీల ఉన్నది. పుష్పకు అలవాటే.

డిసెంబర్ల నువ్వు బొంబై రావాలె. అక్కను గూడ తీసుకొని రా. పాస్టరుగారితోని, పెద్దమనుషులతోని మాట్లాడిన. డిసెంబర్ అందరికి మంచిగున్నది. మా గల్లీ గల్లీ వస్తది నిన్ను చూడ. బాజాలు గూడ మాట్లాడిన. నీ కాలు కొలతను గుడ్డతోని సహా మా ఇంట్ల గోడకు ఏలాడదీసిన. వచ్చినోళ్ళందరు చూసి, ఇంత పెద్ద పాదమా, పిల్లగాడు గట్టోడే అంటున్నరు.

పందెం బూట్లు కుట్టను అంటలేను. కుడ్త. పాదానికి తగ్గట్టే కుడ్త. కానీ వరుస అనేది ఒకటుంటది. ముందుగాల పంపిన బూట్లు సరిపోయినయ్ అని ఒక్క ముక్క నువ్వు రాయాలె. అది రానిది నేను రెండో జతకు తోలు కొయ్యరాదు. సరిపోయినయ్. ఒక్కటే మాట. రాసి పడెయ్యి. ఆ తర్వాత నీకు పది జతలు కుట్టిస్త.

మామ ఇశ్రాయేలు

బావా, బొమ్మ సమజైంది. ఫర్మా పక్కలకు తోలు ముక్కలు అతికిచ్చి వెడల్పు చెయ్యొచ్చు. బాపుకు చూపెట్టిన. అయితది అన్నడు, కానీ వరుస వరుస అంటుండు. నేనొక్క మాట చెప్త. సరిపోకుంటె సరిపోయినయ్ అని రాయకు.

పుష్పమ్మ

~

లాల్‌దర్వాజా
19 సెప్టెంబర్ 1973

నీ మాట నమ్మి నేను క్లబ్‌లో నవ్వులపాలయ్యాను. డిసెంబర్‌లో బొంబాయి రావాలని, పెద్దమనుషులతో మాట్లాడానని, బాజాలు కూడా ఉంటాయని నువ్వే రాశావు. ఆలిండియా పోటీ బొంబాయిలో అని నీకెట్లాగో తెలిసిందనుకున్నాను. పోయి ప్రహ్లాద్ సార్‌కు చెప్పాను. "ఎవడు చెప్పిండ్రా నీకు? పోటీ భిలాయిల. లెటర్ నా టేబుల్ మీదున్నది" అన్నాడు. మా మామ చెప్పాడన్నాను. "మీ మామ ఎవలు, మంత్రా?" అన్నాడు. అందరూ ఉన్నారు అక్కడ.

మామా, నాకు నిజంగా ఏమీ అర్థం కావడం లేదు. పోటీ బొంబాయిలో కాకపోతే నేను బొంబాయి ఎందుకు రావాలి? నీ గల్లీ నన్నెందుకు చూడాలి? పాస్టరుగారికీ సైకిలుకూ ఏమిటి సంబంధం? రాత్రంతా ఆలోచిస్తే ఒక్కటి తోచింది. నువ్వు అక్కడ నా గురించి గొప్పలు చెప్పుకున్నావు. మా అల్లుడు పెద్ద పందెంగాడు అని. అందుకే కొలత గోడకు తగిలించావు. వచ్చేపోయేవాళ్ళు చూసి నవ్వడానికి నా పాదం తమాషా వస్తువైంది.

సరిపోయినాయని రాయమంటున్నావు. రాయను. అవి సరిపోలేదు. ఎన్నటికీ సరిపోవు. పుష్పమ్మ కూడా రాయకు అంటోంది. నీ ఇంట్లోనే నీ మాటకు సాక్ష్యం లేదు. ఒక్క అబద్ధం రాస్తే పది జతలు ఇస్తానంటావు. నాకు పది జతలు వద్దు. కాలు పట్టే జత ఒక్కటి చాలు.

ఇక వద్దులే. అఫ్జల్‌గంజ్‌లో ఒక మిస్త్రీ ఉన్నాడు, మిలిటరీ బూట్లు బాగుచేస్తాడు. అతన్ని అడుగుతాను. నా కొలత గోడ మీంచి తీసి వెనక్కి పంపు. ఆ గుడ్డా, ఆ దారమూ అన్నీ. నా పాదం ఒకరి గోడ మీద ఉండడం నాకు ఇష్టం లేదు.

అక్టోబర్ మొదటి తారీకు లోగా కొలత నాకు చేరాలి.

ఇస్సాకు

~

ధారావి
1 అక్టోబర్ 1973

ఇస్సాకుకు.

రాత మారింది చూసినవ్ కదా. రాస్తున్నది మా పక్కింటి బాబురావు. పుష్పతోని రాయించే మాటలు కావు ఇవి.

నువ్వు కొలత ఎనకకు అడిగినవ్. ఆ మాట అర్థం నీకు తెలుసో తెల్వదో నాకు ఎర్క లేదు. తెల్వదేమో అని బాబురావు అంటుండు. మీ బాపు హమాలీ పని చేసినోడు, మీ ఇండ్లల్ల ఈ పద్ధతి లేకపోవచ్చు అంటుండు. అందుకే మొదటిసారి, ఆఖరుసారి ఇప్పి చెప్తున్న.

మేము తోలు పని చేసేటోళ్ళం. మా ఇండ్లల్ల అల్లుని పెండ్లి బూట్లు బజార్ల కొనం, పిల్ల తండ్రి తన చేతితోని కుడ్తడు. పిల్లగాని తల్లి తన చేతితోని కాలు కొలత తీసి, కొత్త గుడ్డల చుట్టి పంపిందంటె పిల్లను అడిగినట్టు. బూట్లు కుట్టి పంపితె మేము ఇస్తమన్నట్టు. సరిపోయినయ్ అని పిల్లగాడంటె ఒప్పుకున్నట్టు. సరిపోకున్నా గట్లనే అంటరు. నేను గట్లనే అన్న. అందరు గట్లనే అన్నరు. కొలత ఎనకకు అడిగిన్రంటె ఆ పిల్ల వద్దన్నట్టు. అంతకన్న పెద్ద మాట మాలో లేదు.

నీకు తెల్వదు సరే. మా అక్కకు తెల్వదా? తన చేతితోని తీసింది కదా. పెన్సిల్ నీకియ్యలే కదా.

నీ ఉత్తరం పుష్పనే చదివింది. మీ అత్త, నేను ముంగట కూసున్నం. కొలత ఎనకకు పంపు అన్న కాడ ఆగింది. మళ్ళ చదువుమన్న. మళ్ళ చదివింది. గొంతు మారలే. ఉత్తరం మడతపెట్టి, మిషన్ మీదికి పోయి, ఆగిన కుట్టు మళ్ళ మొదలువెట్టింది. నేను పెద్దమనుషుల మొకం ఎట్ల చూడాలె? బాజాలోళ్ళకు ఏం చెప్పాలె?

కొలత పంపుదమని గోడ కాడికి పోతె మేకు ఒక్కటే ఉన్నది. ఇల్లంత ఎతికినం. మీ అత్తకు తెల్వదు. పుష్పను అడిగితె నాకు తెల్వదన్నది. దొరికిన రోజు పోస్ట్‌ల ఏస్త. ఇంక నాకు రాయకు.

ఇశ్రాయేలు

~

లాల్‌దర్వాజా
17 అక్టోబర్ 1973

నన్ను అడగకుండా నాకు పెళ్ళి కుదిర్చారు. పుష్పమ్మను కూడా ఎవరూ అడగలేదని ఇప్పుడు నాకు అర్థమైంది. రాయకు అన్నావు మామా, కానీ ఈ తప్పు ఎవరిదో తేలేదాకా రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వింటూ ఉల్లిగడ్డలు కోస్తూనే ఉంది.

"నీకు తెల్సా?" అన్నాను.

"తెల్వకేం."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె కాగితం మీద కాలు పెడ్తుంటివా?"

"నేను బూట్లు అడిగిన."

"బూట్లు వచ్చినయ్ కదరా. ఇంకేమాయె?"

కోపంతో గిన్నె తన్నాను. ఆ కాలి చిటికెన వేలి పుండు ఇంకా మానలేదు. కూలబడ్డాను. అప్పుడు అమ్మ కత్తి పక్కన పెట్టి, నా కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. "మీ బాపుకు గూడ సరిపోలే" అన్నది. "మా అయ్య కుట్టిన బూట్లు. నాకు అప్పుడే ఎర్క. సరిపోయినయ్ అన్నడు. ఆ ఒక్క పూట ఏసుకున్నడు. సచ్చిందాక మళ్ళ తొడగలె. ఉస్మాన్‌గంజ్‌ల రాళ్ళ మీద వట్టి కాళ్ళతోనే తిరిగిండు." ఆ బూట్లు ఏమైనాయని అడిగాను. బియ్యానికి మార్చానన్నది.

మామా, నువ్వు కూడా ఏడుస్తూ నిలబడ్డావు. మా బాపు ఇరవై ఏళ్ళు వట్టి కాళ్ళతో తిరిగాడు. అందరూ సరిపోయినాయనే అన్నారు. ఒక్కడు లేదని ఉంటే నాకు ఈ తిప్పలు ఉండేవి కావు.

ఇప్పుడు పందెం సంగతి. అఫ్జల్‌గంజ్ మిస్త్రీ నా కాలు చూసి దసరా పని ఒత్తిడి అన్నాడు, దసరా పోయినాక జ్వరం అన్నాడు. పందెం నాటికి నా దగ్గర ఉన్న గట్టి అడుగు బూట్లు ఒక్కటే జత. నువ్వు కుట్టినవి. వాటిని కోశాను. దాచకుండా చెప్తున్నాను. హాక్సా బ్లేడుతో రెండు పక్కలా, చిటికెన వేలి దగ్గర్నుంచీ బొటనవేలి దగ్గర్నుంచీ సగం దాకా కోసి, పాత ట్యూబు ముక్కలతో చుట్టి కట్టాను. ఫ్యాక్టరీలో గాడి కొట్టిన ఇనుప ముక్కలు అడుగున బిగించాను. మొనలు కూడా కోసేశాను, కొక్కెంలో పట్టలేదు.

పందెం రోజు పొద్దున ప్రహ్లాద్ సార్ వంగి చూశాడు.

"ఇవేం బూట్లురా?"

"పెండ్లి బూట్లు సార్."

"ఎవలి పెండ్లి?"

"తెల్వది సార్."

సైకిల్ ఇచ్చాడు.

షాద్‌నగర్ దాకా ఏమీ తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ కాలి ట్యూబు తెగింది. కోసిన చోట నుంచి పాదం సగం బయటికి వచ్చి పెడల్ బిగించే క్రాంకు కడ్డీకి రాసుకుంటూనే ఉంది. ఆగలేదు. రెండోవాడిగా వచ్చాను. మఖ్మల్ ఎర్రది కాబట్టి నెత్తురు ఎంత పోయిందో తెలియలేదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. నేను కోసిన చోట తప్ప నీ కుట్టు ఎక్కడా వీడలేదు. మడమ గోరంత కూడా కదల్లేదు. మూడు గంటలు లాగి లాగి తొక్కితే పట్టీలు తెగాయి, ట్యూబు తెగింది, నీ దారం తెగలేదు. అఫ్జల్‌గంజ్ మిస్త్రీకి ఇది చేతకాదు. దసరా లేకపోయినా, జ్వరం లేకపోయినా చేతకాదు. అందుకే మళ్ళీ నీకే రాస్తున్నాను.

నా పేరు భిలాయి జాబితాలో ఎక్కింది. కానీ కోసిన బూట్లు అక్కడ ఒప్పుకోరట. నవంబర్ ఆఖరుకు సరైన బూట్లు చూపించకపోతే మూడోవాణ్ణి పంపుతానన్నాడు ప్రహ్లాద్ సార్. మూడోవాడు పోతే పర్మనెంట్ అయ్యేది వాడు. నేను మళ్ళీ ఎప్పుడు పొమ్మంటారో అని గేటు వైపు చూస్తూ బతకాలి.

కాబట్టి ఇంకో కొలత పంపుతున్నాను. ఇది అమ్మ తీసింది కాదు. నేనే గీసుకున్నాను. వంగి గీసినందుకు వంకర పోయింది. వంగితే బరువు ముందుకు పడి పాదం ఇంకా పరుచుకుంటుంది, అది చూసుకో. కొత్త గుడ్డ లేదు, పాత పేపర్లో చుట్టాను. దీనికి బూట్లు తప్ప ఇంకే అర్థమూ లేదు. సరిపోతే సరిపోయినాయంటాను. సరిపోకపోతే లేదంటాను. అంటే బూట్ల గురించే అన్నట్టు. కుడతావా, కుట్టవా? కుట్టకపోతే అదైనా రాయి.

మామా, నీతో మాట అయిపోయింది. పుష్పమ్మా, ఇక్కడిదాకా చదివి వినిపించావు కదా. ఇక ఆపు. నీళ్ళు తాగాలని చెప్పి లేచి బయటికి పో. ఈ కిందివి నీకు.

నిన్ను చూసి చాలా ఏళ్ళయింది. అప్పుడు నువ్వు నా చెప్పులు నల్లా కింద పెట్టి తడిపేశావు, నేను నిన్ను కొట్టబోయాను, అంతే గుర్తుంది. నాకు పెళ్ళి మీద కోపం లేదు. నా కాలు నాకు తెలియకుండా సంతకం పెట్టింది, దాని మీద కోపం. కొలత వెనక్కి పంపు అన్నప్పుడు నేను నిన్ను వద్దనలేదు. ఆ మాట నీ నోటితో రెండుసార్లు చదివించారు. అది నేను రాసిన మాటే కాబట్టి నాకు నిద్ర పట్టడం లేదు.

ఒక సంగతి ఎంత ఆలోచించినా తెగడం లేదు. సరిపోకుంటే సరిపోయినయ్ అని రాయకు అన్నావు. అప్పుడు నీకు ఈ పద్ధతి అంతా తెలుసు. నాకు తెలియదు. అంటే నేను నీకు వద్దనా? లేక అబద్ధంతో ఒప్పుకోవద్దనా? ఈ రెంటిలో ఏది?

గోడ మీది కొలత మేకు నుంచి తనంతట తను దిగిపోదు. అమ్మ తీసిన ఆ కాగితం నీ దగ్గర ఉందని నాకు అనుమానం. ఉంటే పంపెయ్యి, లేదా ఉంచుకో. పంపితే నేను ఏమీ అనను. బాధపడతాను, కానీ అనను. నా బూట్లకూ దానికీ ముడి పెట్టొద్దు, నీ మీద ఒట్టుగా చెప్తున్నాను. ఉంచుకుంటే మాత్రం ఎందుకు ఉంచుకున్నావో రాయాలి. నీ చేత్తో, నీ మాటల్లో. పైవి బాపువి, కిందివి నావి అని కాదు. కాగితం మొత్తం నీదే కావాలి.

నవంబర్ ఐదో తారీకు లోగా నాకు అందాలి. ఐదు అంటే ఐదు.

ఇస్సాకు